మీవాళ్ళ సినిమా

లైట్లు వేశారు. హాల్లో ఉన్న నలభై యాభై మందిలో సగం మంది కళ్ళు తుడుచుకుంటున్నారు. తెర మీద కుడి నుంచి ఎడమకు రాసే అక్షరాల్లో పేర్లు ఇంకా పోతున్నాయి. సంగీతం ఇంకా ఆగలేదు. ఎవరూ లేవలేదు. మా విజయనగరంలో సినిమా అయిపోయాక పేర్లు పోయేదాకా జనం కుర్చీల్లో కూర్చోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

సినిమా పేరు 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్'. 1997లో ఇరాన్లో మజీద్ మజీదీ తీశాడు. అక్కడి పేరు 'బచ్చెహా యే ఆస్మాన్'. ఫార్సీ సినిమా, కింద ఇంగ్లీషు అక్షరాలు. పోయిన వానాకాలంలో కొందరు మిత్రులు ఒక హాలు అద్దెకు తీసుకుని, తెర కట్టి చూపించారు. నన్ను పిలిచారు. నన్ను ఎప్పుడు పిలుస్తారో నాకు తెలుసు. డిసెంబర్ ఆరుకు ఉపన్యాసం ఇమ్మని పిలుస్తారు, రంజాన్ వస్తే హలీం ఎక్కడ బాగుంటుందని అడుగుతారు, ఇరాన్ సినిమా వేస్తే ముందు వరసలో కూర్చోబెడతారు. సరే, వెళ్ళాను.

"ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఏడిపించేశాడండీ!" అన్నాడొకాయన. "ఆ మ్యూజిక్కు విన్నారా, గుండె పట్టేసింది బాబూ" అన్నాడింకొకాయన. "ఆ గుంట మొహం చూడండి, ఓలమ్మో, ఎంత జాలేసిందో" అని ఒకావిడ పక్కావిడతో చెబుతోంది. వెనక వరసలోంచి రిటైరైన మాస్టారొకాయన మెల్లగా నడుచుకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. అది నటన కాదు. మంచి మనిషి. నాకు తెలుగు వాక్యం నేర్పిన తరం ఆయనది.

"మీవాళ్ళ సినిమా ఎంత బాగుందయ్యా!" అన్నారు.

నేనేం చేశానో తెలుసా? "థాంక్సండీ" అన్నాను.

టెహరాన్లో ఎవరో తీసిన సినిమాకు విజయనగరం బాబామెట్ట దారిలో కాపురముండే నేను థాంక్స్ చెప్పాను. ఇంటికి నడుస్తుంటే గంటస్తంభం దగ్గరికి వచ్చేసరికి సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

ఏం, ఎవరు నావాళ్ళు? నాకు ఫార్సీ రాదు. హాల్లో అందరిలాగే నేనూ కింద అక్షరాలు చదువుకుంటూ చూశాను. టెహరాన్ ఏ దిక్కున ఉందో అట్లాసులో చూసి చెప్పాలి. వాళ్ళు షియాలు, మావాళ్ళు సున్నీలు. వాళ్ళ నమాజుకూ మా నమాజుకూ చేతులు కట్టుకోవడం దగ్గరే తేడా ఉంది. మా పూర్వీకులు ఏ గుర్రమెక్కీ రాలేదు, ఇక్కడ మగ్గం నేసుకుని, దూది ఏకుకుని, మాంసం కొట్టుకుని బతికిన వాళ్ళు. ఆ మాస్టారింటికీ మా ఇంటికీ మధ్య మూడు వీధులు. మా ఇంటికీ ఆ సినిమాలోని అలీ వాళ్ళింటికీ మధ్య సముద్రాలున్నాయి, దేశాలున్నాయి. అయినా ఆయన దృష్టిలో నేను అలీకే దగ్గర. నా పేరు అలాంటిది మరి.

పరాయివాళ్ళన్న ఈ ముద్ర మీద 1991లోనే ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాశాడు. అది చదివి మనసు కదిలిందన్న వాళ్ళు మన తెలుగులో చాలామంది ఉన్నారు. అయితే ఆ ముద్ర తిట్టులోనే కాదు, మెచ్చుకోలులో కూడా ఉంటుందని నాకు ఆ రాత్రి తెలిసింది. "పాకిస్తాన్ పో" అన్న వాడికి జవాబు చెప్పడం తేలిక. "మీ ఇరాన్ ఎంత గొప్పది" అన్న వాడికి ఏం జవాబు చెప్తాం? ఇద్దరూ నన్ను ఊరు దాటించినవాళ్ళే. ఒకాయన తోసి పంపాడు, ఒకాయన దండేసి పంపాడు.

సినిమా మీద నాకు ఏ కోపమూ లేదు. అది గొప్ప సినిమా. కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అలీ అనే తొమ్మిదేళ్ళ పిల్లాడు చెల్లెలు జహ్రా బూట్లు బాగుచేయించుకొస్తూ కూరల దుకాణం దగ్గర పోగొడతాడు. తండ్రి దగ్గర కొత్తవి కొనే డబ్బులు లేవని ఇద్దరికీ తెలుసు. అందుకని చెప్పరు. ఆడపిల్లల బడి పొద్దున, మగపిల్లల బడి మధ్యాహ్నం. అన్న బూట్లు వేసుకుని చెల్లెలు బడికి పోయి, పరుగెత్తుకుంటూ సందులోకి వచ్చి విప్పి ఇస్తే, అవి తొడుక్కుని అన్న పరుగు తీస్తాడు. అంతే కథ. తర్వాత పరుగుపందెం వస్తుంది. మూడో బహుమతి ఒక జత బూట్లు. అలీ మూడోవాడుగా రావాలని పరుగెత్తి, ఖర్మకాలి మొదటివాడుగా వస్తాడు. చివర నీళ్ళ తొట్టిలో బొబ్బలెక్కిన వాడి పాదాలు, చుట్టూ ఎర్ర చేపలు, కీవాన్ జహాన్‌షాహీ కట్టిన సంగీతం. 1999లో ఆస్కార్ పరాయి భాషా చిత్రాల పోటీలో చివరిదాకా నిలబడి, ఇటలీ సినిమా 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్' చేతిలో ఓడిపోయింది.

పరాయి భాష అంటున్నాం కదా. ఆ సినిమాలో ఒక చిన్న ఘట్టం ఉంది. తండ్రి ఇంట్లో కూర్చుని మసీదులో టీకి వాడే చక్కెర గడ్డలు కొడుతుంటాడు. జహ్రా తండ్రికి టీ తెస్తుంది. చక్కెర లేదేమమ్మా అంటాడు. ఎదురుగా ఇంత ఉంది కదా అంటుంది పిల్ల. ఇది మసీదుది, మనది కాదు అని ఆయన మందలిస్తాడు. ఆ చక్కెరను ఫార్సీలో 'కంద్' అంటారు. మన సంస్కృతంలోని ఖండమే అది. ఖండశర్కర అంటామే, ఆ ఖండం ఇక్కడినుంచి ప్రయాణం కట్టి ఇరాన్లో కంద్ అయ్యింది. అంటే ఆ తండ్రి సుత్తితో కొడుతున్నది మన మాటనే. హాల్లో ఉన్న మాస్టారు సంస్కృతం చదివినవారు. ఒక్క ముక్క అర్థం కాలేదని అన్నది ఆయన కాదు గానీ, ఆ మాట విని తల ఊపారు.

ఇటునుంచి అటు పోయింది అది. అటునుంచి ఇటు వచ్చింది ఎంతని చెప్పను? కాగితం, కలం, దుకాణం, బజారు, ఖర్చు, బాకీ, రసీదు, ఫిర్యాదు, వకీలు, ఖైదీ, జిల్లా, హామీ, జవాబు. శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాసుకున్న ఫౌజుదార్ల కాలంలో ఇక్కడ కచేరీ భాష ఫార్సీయే. ఈ ముక్కలు లేకుండా మా ఉత్తరాంధ్ర రైతు ఒక్క రోజు మండలాఫీసుకు వెళ్ళి రాలేడు. కోర్టు మెట్లు దిగుతూ "ఫిర్యాదీ హాజరు కాలేదు, వాయిదా వేశారు" అని చెప్పే మనిషికి తన నోట్లో ఎన్ని ఫార్సీ మాటలు, ఎన్ని అరబ్బీ మాటలు ఉన్నాయో తెలీదు. తెలీకపోవడంలో తప్పేమీ లేదు. అన్నం తినేవాడు బియ్యం ఏ మడిలోవని అడగడు. కానీ ఆ మాటలు మాట్లాడే నోటితోనే, ఆ మాటలు తెచ్చిన మతం వాణ్ణి పరాయివాడంటేనే వస్తుంది చిక్కు.

మా ఊళ్ళో ఒకాయన ఉండేవాడు. ఆయనకు ఫార్సీ మీవాళ్ళది, మావాళ్ళది అన్న పట్టింపు లేదు. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు. హరికథ ఆయనతోనే అంత ఎత్తుకు పోయింది. 1919లో మహారాజా వారు సంగీత కళాశాల పెడితే దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, నుదుట బొట్టు. ఆ మనిషి ఫార్సీ నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయీలను మూలంలో చదివాడు. ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు అనువాదాన్ని పక్కన పెట్టుకుని పోల్చి చూసి, ఒక్కొక్కదాన్ని సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి రెండు విధాల దించాడు. ఇదంతా ఏ నవాబు కొలువులోనో జరగలేదు, విజయనగరంలోనే జరిగింది. మూడు లాంతర్ల దగ్గర నిలబడి ఎంతమందిని అడిగినా ఇది చెప్పేవాళ్ళు ఒకరిద్దరు కూడా దొరకరు. దాసుగారి విగ్రహానికి దండలు వేస్తారు. ఆయన చదివిన ఫార్సీ మాత్రం ఇప్పుడు ఇరాన్ నుంచి డీవీడీలో వస్తే ఆహా అంటారు.

ఆయన ఫార్సీని మెచ్చుకుని ఊరుకోలేదు, నేర్చుకున్నాడు. నాకు కావలసిన తేడా అక్కడుంది. మెచ్చుకోవడానికి రెండు గంటలు చాలు. నేర్చుకోవాలంటే ఎదుటివాడి ముందు కూర్చోవాలి, తప్పులు మాట్లాడాలి, నవ్వించుకోవాలి.

ఇప్పుడు ఇంకొక సంగతి. ఆ సినిమా చూడ్డానికి రెండు మూడేళ్ళ ముందు నేను అద్దె ఇంటికోసం తిరుగుతున్నాను. ఫోన్లో నా తెలుగు విని ఒకాయన "రండి రండి, ఇల్లు చూసుకోండి" అన్నాడు. వెళ్ళాను. ముందు గదిలో అద్దాల బీరువా నిండా క్యాసెట్లు. మెహదీ హసన్, గులాం అలీ, బేగం అఖ్తర్. నా ప్రాణం లేచొచ్చింది. పేరు చెప్పాను. ఆయన ముఖంలో ఏదో ఒక చిన్న కదలిక. "అలాగా... ఇంత మంచి తెలుగు మాట్లాడుతున్నారే!" అన్నాడు. ఈ మాట నేను పుట్టినప్పటినుంచీ వింటున్నాను. విజయనగరంలో పుట్టి, విజయనగరంలో బీయే చదివి, తెలుగు పేపర్లో ఇరవై ఏళ్ళు రాసినవాడు తెలుగు మాట్లాడితే అది వింత. తర్వాత ఆయన ఉర్దూ గురించి అరగంట మాట్లాడాడు. "ఉర్దూ అంటే తేనె అండీ. మీరు అదృష్టవంతులు, పుట్టుకతోనే వచ్చేస్తుంది." టీ ఇచ్చాడు. ఒక గజల్ పెట్టాడు. గుమ్మం దాకా వచ్చి, "ఏమీ అనుకోకండి, మా ఆవిడకు కొంచెం ఆచారం" అన్నాడు.

టీ ఇచ్చాడు, గజల్ ఇచ్చాడు, ఇల్లు మాత్రం ఇవ్వలేదు.

ఆయనేమీ దుర్మార్గుడు కాడు. అదే కదా నా బాధ. దుర్మార్గుడైతే రెండు తిట్లు తిట్టి ఊరుకునేవాణ్ణి. ఆయనకు ఉర్దూ కావాలి. క్యాసెట్లో ఉన్న ఉర్దూ, కరాచీ నుంచో లాహోర్ నుంచో వచ్చిన ఉర్దూ, ఆపగానే ఆగిపోయే ఉర్దూ. మా ఇంటి ఉర్దూ ఆయనకు వద్దు. మా ఉర్దూ లక్నోది కాదు లెండి. మా ఉర్దూలో 'నక్కో' ఉంటుంది, మధ్యలో 'ఏటి' ఉంటుంది, 'ఒలే' ఉంటుంది, ఆదివారం నాడు కూర వాసన ఉంటుంది. ఆయన మెహదీ హసన్‌ను గదిలో పెట్టుకోగలడు, మెహదీ హసన్ అద్దెకు అడగడు కనుక. ఒకవేళ అడిగితే ఏమవుతుందో కూడా చూశాం. 2015లో గులాం అలీ ముంబైలో పాడాల్సిన కచేరీ శివసేన బెదిరింపులతో రద్దయిపోయింది. గజల్ ప్రియులు ఇళ్ళల్లో క్యాసెట్లు పెట్టుకుని బాధపడ్డారు.

"సంగీతానికి భాష లేదు, మతం లేదు" అంటారు. ఆ రాత్రి హాల్లో కూడా ముగ్గురు అన్నారు. నేను ఒప్పుకోను. ఎందుకు లేదు? ఉంది. అలీ తండ్రి మసీదులో వినే విలాపానికి కర్బలా ఉంది. ఖాదర్ బాబా దర్గాలో ఉరుసుకు వినిపించే కవ్వాలీకి ఒక పీరు ఉన్నాడు, ఒక మొక్కు ఉంది, ఒక ఆకలి ఉంది. త్యాగరాజ కీర్తనకు రాముడు లేడంటే మీరు ఊరుకుంటారా? ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. మరి మా దగ్గరికి వచ్చేసరికి రాగం ఉంచి రాముణ్ణి తీసేసినట్టు, పాట ఉంచి మనిషిని తీసేయడమేమిటి? "మతం లేదు" అన్న మాట చాలాసార్లు మర్యాదగా "నీ మతం నాకు కనబడనీయకు" అని చెప్పడమే.

'రోజా' గుర్తుందా? 1992లో వచ్చింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. తెలుగులోకి దించిన ఆ పాటలు మా వీధిలో ప్రతి ఇంట్లో మోగేవి. మా ఇంట్లో కూడా. కొత్త కుర్రాడు, మొదటి సినిమా, జాతీయ అవార్డు. ఆ కుర్రాడు ఎ.ఆర్. రెహమాన్, ముస్లిం. కడప అమీన్ పీర్ దర్గాకు భక్తితో వచ్చి వెళ్ళే మనిషి. అదే సినిమాలో మంటల్లో జెండా, ఆ మంటలార్పడానికి మీద పడే కథానాయకుడు, అదే సమయంలో నమాజులో వంగిన ముస్లిం. హాల్లో ఈలలు. నేను నా స్నేహితుల మధ్య కూర్చుని ఉన్నాను. చప్పట్లు కొట్టాలో మానాలో తెలీక చేతులు తొడల కింద పెట్టుకున్నాను. ఆ డిసెంబర్లోనే బాబ్రీ కూలింది. పాట కట్టినవాడూ మావాడే, తెర మీద తుపాకీ పట్టినవాడూ మావాడే. జనం మొదటివాడి మతం మరచిపోయి, రెండోవాడి మతం గుర్తుపెట్టుకున్నారు. సంగీతానికి మతం లేకపోవడం అంటే ఇదేనన్నమాట.

దానికి పైమెట్టు 2010లో జరిగింది. 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' కథనే ప్రియదర్శన్ హిందీలో 'బమ్ బమ్ బోలే' అని తీశాడు. అందులో అలీ లేడు, జహ్రా లేదు. అన్న పేరు పినాకి, చెల్లెలు రిమ్‌ఝిమ్. కొత్తగా ఉగ్రవాదుల గొడవ వచ్చి చేరింది. ఎవరి కథ వాళ్ళ ఊరికి తగ్గట్టు మార్చుకోవడం సినిమావాళ్ళ హక్కు, కాదనను. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఇరాన్లో అలీ బూట్ల కోసం పరుగెత్తితే మనం ఏడుస్తాం. అదే అలీ మన దేశంలో పుట్టి, మన మునిసిపల్ బడిలో చదువుతూ, మన రోడ్డు మీద పరుగెత్తితే మన సినిమావాళ్ళకు కథగా తోచదు. పరుగెత్తే సాయిబు కుర్రాణ్ణి చూస్తే వెనక పోలీసులున్నారేమో అని చూస్తారు. తెలుగు సినిమాలో మేం ఎవరం? తెలుగు సరిగా రాని సాయిబు, గోరీల దగ్గర అత్తరు పూసే ముసలాడు, నాయకుడి కోసం ప్రాణమిచ్చే నమ్మినబంటు, లేకపోతే బాంబు. ఇంట్లో కూర్చుని చక్కెర కొట్టే తండ్రి, కూతురు అడిగితే "అది మనది కాదమ్మా" అని చెప్పే తండ్రి ఒక్కడు కూడా లేడు. నేను అలాంటి తండ్రి దగ్గరే పెరిగాను.

2011 జనాభా లెక్కల ప్రకారం మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. కాబట్టి ఆ రాత్రి హాల్లో చాలామందికి జీవితంలో మొదటిసారి ఒక ముస్లిం ఇంటి లోపల కూర్చున్న అనుభవం కలిగింది. తల్లి జబ్బుతో పడుకుంది, తండ్రి అద్దె కట్టలేక తిట్లు తింటున్నాడు, అన్నాచెల్లెళ్ళు తండ్రికి వినబడకుండా నోటు పుస్తకంలో రాసుకుని మాట్లాడుకుంటున్నారు. "అచ్చం మనలాగే ఉన్నారండీ" అన్నాడు నా పక్కాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. ఆ ఇల్లు టెహరాన్లో ఉంది. మా ఇల్లు మూడు వీధుల అవతల ఉంది, తలుపు తీసే ఉంటుంది.

ఈ కోటను 1713లో కట్టేటప్పుడు, అడవిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ఫకీరు స్థలం చూపించాడని మా ఊరి కథ చెబుతుంది. కథే కావచ్చు. ఊరికి స్థలం చూపించినవాడి మతస్థుడు ఊళ్ళో అద్దెకు రెండు గదులు చూసుకోలేకపోవడం మాత్రం కథ కాదు.

ఇంతవరకూ చదివి మావాళ్ళు కొందరు తల ఊపుతూ ఉంటారని నాకు తెలుసు. ఆగండి, మీ దగ్గరికే వస్తున్నాను.

మన పెద్దమనుషుల్లో సినిమా హరాం, వాయిద్యం హరాం అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళల్లోనే, ఇరాన్ సినిమాను లోకం మెచ్చుకుందని తెలియగానే ఛాతీ పొంగేవాళ్ళూ ఉన్నారు. 2015లో ఇదే మజీద్ మజీదీ ప్రవక్త బాల్యం మీద సినిమా తీశాడు, రెహమాన్ సంగీతం ఇచ్చాడు. ముంబైలో రజా అకాడమీ వాళ్ళు ఇద్దరి మీదా ఫత్వా తెచ్చారు. తాను సినిమా తీయలేదనీ, సంగీతం ఒక్కటే ఇచ్చాననీ ఆ పెద్ద కళాకారుడు బహిరంగంగా సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చింది. మనం ఏమన్నాం? మనలో రెహమాన్ పాట లేకుండా పెళ్ళి బారాత్ తీయనివాళ్ళు ఏమన్నారు? నోరు మూసుకున్నాం. కరవది షేక్ చిన మౌలానా నాగస్వరం వినడానికి శ్రీరంగం దాకా గుళ్ళు తలుపులు తీశాయి. ఆయన సొంత జమాతులో అలాంటి వాయిద్యం పట్టిన పిల్లాడికి ఇప్పుడు ఎంతమంది తండ్రులు సరే అంటారు?

ఇరాన్ను చూసి గర్వపడే ముందు ఇరాన్ ఏం చేస్తోందో కూడా చూడాలి. అక్కడ పిల్లల సినిమాలు అంత బాగా రావడానికి ఒక కారణం పెద్దవాళ్ళ కథల మీద ఉన్న కత్తెర. ఈ సినిమాకు డబ్బు పెట్టింది పిల్లల కోసం 1965లో, షా కాలంలో పుట్టిన 'కానూన్' అనే సంస్థ. 'వైట్ బెలూన్' అని ఇలాగే ఒక చిన్నపిల్ల సినిమా తీసి లోకాన్ని మెప్పించిన జాఫర్ పనాహీకి 2010లో ఆరేళ్ళ జైలుశిక్ష, ఇరవై ఏళ్ళు సినిమా తీయకూడదన్న నిషేధం వేశారు. మగవాళ్ళున్న సభలో ఆడమనిషి ఒంటరిగా గొంతెత్తి పాడకూడదని అక్కడ కట్టడి. పి. సుశీల పుట్టిన ఊరు మాది. ఆ పాట విని పెరిగిన నేను, ఆడగొంతు మూసిన చోటును "మావాళ్ళది" అని ఎట్లా చెప్పుకుంటాను? ఆ సినిమా తీసినవాడు గొప్పవాడు. ఆ గొప్పతనంలో నాకు వాటా లేదు, అక్కడి ప్రభుత్వానికి కూడా పెద్దగా లేదు.

హాలు నుంచి వచ్చాక పది రోజులకు ఆ డీవీడీ అడిగి ఇంటికి తెచ్చాను. ఆపాకు చూపిద్దామని.

మా ఆపా నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. బడిలో నాకన్నా బాగా చదివేది. ఏడో తరగతిలో మాన్పించేశారు. అబ్బాకు ఇద్దరి ఫీజులూ కట్టే తాహతు లేదు. ఉన్నదాంట్లో ఎవరు చదవాలన్నది ఎవరూ చర్చించలేదు. చర్చించాల్సిన సంగతే కాదది. నేను చదివాను. ఆమె మిషను కుట్టింది. నా బీయే ఫీజులో ఎంత భాగం ఆమె కుట్టిన జాకెట్లదో నేను ఎప్పుడూ లెక్క వేయలేదు, ఆమె కూడా చెప్పలేదు. ఇది మా మతం చేసిన పని అని ఎవరైనా చంకలు కొట్టుకోబోతే ఒక్క మాట. ఆ వీధిలో ఆ ఏడాది బడి మానేసిన ఆడపిల్లల్లో అన్ని కులాల వాళ్ళూ ఉన్నారు. మతం కారణం కాదని కూడా నేను అనను. అబ్బా జేబు కారణం, జమాతులో పెద్దల మాట కారణం, నేను మగపిల్లాణ్ణి కావడం కారణం.

ఆపా సినిమా అంతా కుట్టుమిషను పక్కన కూర్చుని చూసింది. ఇంగ్లీషు రాదు గనక నేను మధ్యమధ్య చెబుతున్నాను. కాసేపటికి "తూ చుప్ రహ్, ముఝే సమఝ్ రా" అంది. మాటలు ఆపేశాను. ఆమెకు నాకన్నా బాగానే అర్థమవుతోంది. పందెంలో అలీ మొదటివాడుగా వచ్చి తల దించుకుని ఏడుస్తుంటే నా కళ్ళు మళ్ళీ తడిశాయి. ఆపా ఏడవలేదు.

"ఏడుపు రాలేదా ఆపా?" అన్నాను.

"జూతే నైతో క్యా రే, ఇస్కూల్ తో థా నా ఉస్కూ" అంది.

బూట్లు లేకపోతేనేంరా, ఆ పిల్లకు బడి ఉంది కదా అని. మామూలుగానే అంది, దారం కొరుక్కుంటూ. నేను సినిమా గురించి పేపర్లో రాద్దామని అనుకున్న వాక్యాలన్నీ అప్పుడే పోయాయి. హాల్లో మాస్టారు నన్ను ఇరాన్లో కూర్చోబెట్టారని పది రోజులుగా రగిలిపోతున్నాను. మరి నేను? అలీ, జహ్రాల కోసం రెండుసార్లు ఏడ్చాను. ఒకే జత బూట్లు పంచుకుని ఇద్దరూ చదువుకున్న అన్నాచెల్లెళ్ళను చూసి ఏడ్చాను. చదువును పంచుకోకుండా మొత్తం తీసుకున్నవాణ్ణి, ఆ తీసుకున్న ఇంట్లోనే కూర్చుని. పక్కింటి ముస్లిం కనబడడం లేదని మీ మీద ఇన్ని పేజీలు కోప్పడ్డాను, ఇంట్లో ఉన్న ఆపా నాకు ఎంత కనబడిందో మాత్రం అడగకండి.

అయినా మీ బాకీ మాఫీ అయిపోయిందని అనుకోవద్దు. నా లెక్క నాకుంది, మీ లెక్క మీకుంది.

సినిమా అయ్యాక ఆపా చక్కెర ఘట్టం మళ్ళీ వెయ్యమంది. వేశాను. "కమిటీవాళ్ళకు చూపించరా ఇది, మసీదు చక్కెర ముట్టుకోడంట" అని నవ్వింది. మా వక్ఫు సంగతులు తెలిసినవాళ్ళకు ఆ నవ్వు అర్థమవుతుంది. తర్వాత చివర్లో ఇంకొక చోట ఆపమంది. తండ్రి సైకిల్ ఇంటికి వస్తూంటుంది, కూరలూ సామాన్లూ కట్టి ఉంటాయి. ఒక్క క్షణం అంతే. నేను హాల్లో చూసినప్పుడు ఆ క్షణం దాటిపోయింది. ఆ రాత్రి అందరం పాపం పిల్లలకు బూట్లు దొరకలేదనే అనుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ ఇళ్ళకు పోయాం.

ఆపా లేచి టీవీ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించింది. సైకిల్ మీద కొత్త బూట్లు రెండు జతలున్నాయి. తెల్లవి ఒకటి, ఎర్రవి ఒకటి.

"బాప్ లాయా, దేఖ్" అంది.